ఐర్లాండు పొలంలో నేను కలిపిన గీత

ఐర్లాండులో నేనొక కోట కట్టాను. రాయి మొయ్యలేదు, తట్ట ఎత్తలేదు. బేగంపేటలో రెండో అంతస్తులో కుర్చీలో కూర్చుని, ముందున్న చాయ్ చల్లారేలోపు కట్టేశాను. మా బన్సీలాల్‌పేట్ మంగలి దుకాణంలో ఈ మాట అంటే నా చెవి దగ్గర కత్తెర ఆగింది.

"రాజులు కట్టినట్టేనా సార్?" అన్నాడు మంగలి.

"రాజుల కంటే జల్ది," అన్నాను.

ఇప్పుడు సరిచేసుకుంటాను. నేను కట్టింది కోట కాదు, కంప్యూటర్ తెర మీద ఒక గుండ్రం. దాన్ని గీసింది కూడా నేను కాదు. ఎడంగా ఉన్న రెండు వంపు గీతలను కొంచెం కొంచెం జరిపి కలిపాను, అంతే. ఆ కలపడంతో ఎక్కడో వాన పొలంలో ఒక సంసారం ఇల్లు కట్టుకునే యోగం ఊడిపోయేది. మంగలికి ఆ ముక్క చెప్పలేదు.

మా ఆఫీసు చిన్నది. విదేశాల నుంచి వచ్చే కొలతల బొమ్మలను కంప్యూటర్లోకి ఎక్కించి తిరిగి పంపడం అక్కడి పని. నేను సర్వే ఆఫీసులో రిటైరై ఇంట్లో కూర్చుని విసుగెత్తి, తెలిసినవాళ్ళు చెబితే ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఇంచార్జి ఒక అమ్మాయి. సైనిక్‌పురి పిల్ల, తాత మిలిటరీలో చేశాడట. మాట నవ్వుతూనే మొదలవుతుంది కానీ సూటిగా వచ్చి తగులుతుంది.

"ఆర్కియాలజీ ఎక్స్‌పీరియెన్స్ ఏమన్న ఉన్నదా అంకుల్?" అని అడిగింది.

"ఎందుకు లేదు బిడ్డా! మా బన్సీలాల్‌పేట్ మెట్లబావి చెత్త తీసి బాగుచేసింది నా కళ్ళ ముందే. మొత్తం దగ్గరుండి చూసుకున్న," అన్నాను.

దగ్గరున్న మాట నిజం. రోజూ సాయంత్రం ఎదురుగా అరుగు మీద కూర్చుని పల్లీలు తింటూ లారీలు ఎక్కే చెత్తను చూశాను. నలభై ఏళ్ళు సర్వే చేశానని కూడా చెప్పాను. అందులో సగం కాలం టపాల సెక్షన్లో ఉన్నాను. మిగిలిన సగం మాత్రం గొలుసు లాగాను, ప్లాన్లు గీశాను. నాకు చెక్కర్ పని ఇచ్చారు. ఆపరేటర్లు ఎక్కించిన బొమ్మలో తప్పులుంటే వేలు పెట్టి చూపించాలి. వేలే. చెయ్యి కాదు. ఆ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ దేశపు పల్లెల్లో ఇల్లు కట్టుకోవాలంటే, పక్కన ఏదైనా పాత దిబ్బో గుడో ఉన్నప్పుడు, పర్మిషన్ ఇచ్చే ఆఫీసు ముందు నేలను పరీక్ష చేయించుకు రమ్మంటుంది. పురావస్తు నిపుణులు వచ్చి, పళ్ళు లేని బకెట్ తగిలించిన జేసీబీతో పొలంలో సన్నగా, పొడుగ్గా ట్రెంచిలు తీయిస్తారు. పైమట్టి చెక్కేస్తే అడుగున అసలు నేల బయటపడుతుంది. ఎప్పుడో ఎవరో తవ్వి పూడ్చిన చోటుంటే అక్కడ మట్టి నల్లగా పట్టీలా తేలుతుంది. దాన్ని కొలిచి, ట్రేసింగు ఫిల్మ్ మీద పెన్సిలుతో గీసి, స్కాన్ చేసి మాకు పంపుతారు. మేము ట్రెంచిలన్నిటినీ ఒకే ప్లాను మీద వాటి వాటి చోట్లలో కూర్చోబెడతాం. ఆ ప్లాను చూసి వాళ్ళు రిపోర్టు రాస్తారు. కట్టుకోవచ్చు, కట్టకూడదు, లేదా పక్కకు జరిపి కట్టుకోండి. మూడింటిలో ఏదో ఒకటి.

ఈ పొలం తాలూకు మొగుడూ పెళ్ళాలను నేను ఫొటోల్లోనే చూశాను. ట్రెంచి ఫొటోల్లో, ఎరుపూ తెలుపూ కొలకర్ర వెనకాల, చక్రాల మీద ఒక డబ్బా ఇల్లు. దాని గుమ్మంలో చంటిపిల్లను ఎత్తుకుని ఒకామె. అతను ఒక ఫొటోలో వర్షంలో గొడుగు పట్టుకున్నాడు. తనకు కాదు, ట్రెంచిలో దిగి గీస్తున్న నిపుణురాలికి. వాళ్ళకున్నది ఆ ఒక్క పొలమేనని నిపుణురాలు మాకు రాసింది. పర్మిషన్ ఆఫీసు వాళ్ళకిచ్చిన గడువు తేదీ కూడా రాసి, కింద రెండు గీతలు గీసింది. ఆ రోజు ఆఫీసు మూసేలోపు రిపోర్టు అందకపోతే దరఖాస్తు దానంతటదే రద్దు.

గడువుకు ముందు రోజు. ఇంచార్జి అమ్మాయి ట్రెంచిలన్నీ తనే ఎక్కించి, "జెర చెక్ చేసి పెట్టుండ్రి అంకుల్, నేను మీటింగ్‌కు పోయి వస్త," అని వెళ్ళింది. చూశాను. రెండో ట్రెంచిలో నల్ల పట్టీ వంపు తిరిగింది. నాలుగో దాంట్లోనూ ఒక వంపు. రెండూ ఒకదాన్నొకటి చూస్తున్నాయి, కానీ కలవవు. మధ్య చిన్న ఎడం.

సర్వేలో పెరిగినవాడికి ఆ ఎడం పంటిలో నార లాంటిది. పొలం చుట్టూ కొలుచుకుంటూ బయల్దేరినవాడు బయల్దేరిన రాయి దగ్గరకే తిరిగి రావాలి. కాగితం మీద రాకపోతే గొలుసులో ఎక్కడో తప్పు. అప్పుడేం చేస్తాం? మళ్ళీ ఎండలో పొలానికి పోతామా? ఆ కాస్త తేడాను రాళ్ళన్నిటికీ పంచేస్తాం. ఈ రాయికి పిసరు, ఆ రాయికి పిసరు. గీత మూసుకుంటుంది. తప్పు అందరికీ కొంచెం కొంచెం పంచితే ఎవరిదీ కాకుండా పోతుంది. ఇది మా పద్ధతి, మా పై ఆఫీసరు మోకాళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పిన పద్ధతి.

మౌస్‌తో గీతను పట్టుకుని లాగడం నాకు అంతకు కొద్ది రోజుల ముందే వచ్చింది. కొత్తగా ఈత వచ్చినవాడికి ప్రతి గుంటా చెరువే. రెండో ట్రెంచిని పిసరు ఇటు జరిపాను, నాలుగోదాన్ని పిసరు అటు. మర్యాదగా ఉండదని మిగిలినవాటికీ తలా కాస్త పంచాను. రెండు వంపులూ ముద్దుగా కలుసుకున్నాయి. మిగతా గుండ్రం కంటికి దానంతటదే కనపడింది. నాకెంత తృప్తి కలిగిందో చెప్పలేను. ప్రతి పనికీ ఒకసారి సేవ్ చేయాలని ఆ అమ్మాయే నేర్పింది. నేను రెండేసి సార్లు చేశాను. సాయంత్రం ఆమె వచ్చి, "అయిపోయిందా అంకుల్?" అంటే, "క్లీన్," అన్నాను. పంపేసింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం గిన్నెలు కడుగుతుండగా వీడియో కాల్ వచ్చింది. అక్కడ అప్పుడే పొద్దున. నిపుణురాలి జుట్టు తడిగా ఉంది, కళ్ళు పెద్దవయ్యాయి. ఇంగ్లీషులో మాట్లాడింది, నాకర్థమైనంత తెలుగులో రాస్తున్నాను.

"మీ ప్లాను చూశాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రెండు కందకాలూ కలుస్తున్నాయి! అది గుండ్రటి కోట. వెయ్యేళ్ళ కిందట మట్టికట్ట వేసుకుని చుట్టూ కందకం తవ్వుకునేవాళ్ళు, అలాంటిది. ఏ రికార్డులోనూ లేదు."

ఇంచార్జి అమ్మాయి నవ్వబోయింది. నిపుణురాలు నవ్వలేదు.

"ఇల్లు సరిగ్గా దాని నడిమధ్య పడుతోంది. కట్టొద్దని రాయక తప్పదు. ఆ పొలంలో ఇంకెక్కడా చోటు లేదు. అందుకే ఒకటి అడుగుతాను. నాలుగో ట్రెంచిని నేను కుండపోత వానలో గీశాను. నీళ్ళు నిండుతుంటే చేతికొచ్చినట్టు గీశాను. నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు. మీ ప్లాను మీద ఉందా?"

ఇంచార్జి అమ్మాయి కుర్చీ నా వైపు తిప్పింది. "మా సార్ చెక్ చేసిన్రు. ఫార్టీ ఇయర్స్ సర్వేలో ఉన్నరు," అంది ఇంగ్లీషులో, గర్వంగా.

ఆ నలభైలో టపాల సెక్షను కూడా ఉందని ఎవరికి తెలుసు? తెరలోంచి ఒక జత కళ్ళు, పక్కనుంచి ఒక జత. నా నోరు నా కంటే ముందు నడుస్తుంది, ఎప్పుడూ అంతే.

"హండ్రెడ్ పర్సెంట్ మేడమ్," అన్నాను. "సర్కిల్ ఈజ్ క్లోజింగ్."

ఆవిడ తల ఊపింది. "సరే. అయితే టీ తాగి వాళ్ళకు ఫోన్ చేస్తాను. రిపోర్టు ప్రింటు తీసుకుని మధ్యాహ్నం కారెక్కాలి," అంది. మనకది సాయంత్రం ఆరున్నర.

తెర ఆరిపోయింది. కిటికీ అవతల మెట్రో వెళ్ళింది, అద్దాలు సన్నగా వణికాయి. నా గిన్నె మీద సబ్బు అలాగే ఉంది.

బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ ఎత్తింది.

"అంతర్జాతీయ సమస్య వచ్చింది," అన్నాను.

"మొన్న గ్యాస్ పైపు లీకైతే సుత అంతర్జాతీయమే అన్నరు. ఏందో చెప్పుండ్రి, పప్పు మాడుతున్నది."

చెప్పాను. ఎడం సంగతి, పంచడం సంగతి, హండ్రెడ్ పర్సెంట్ సంగతి. అవతల గరిటె చప్పుడు ఆగింది.

"గీత జరిపింది మీరేనా?"

"పిసరంత."

"పిసరో గిసరో. ఆ పిల్లతల్లికి ఇల్లు లేదని చెప్పబోతున్నరా ఇప్పుడు?"

"టీ తాగినాక."

"మరి నాకు ఫోన్ చేస్తే ఆ ఇల్లు నిలుస్తదా? లోపల్కి పోయి చెప్పుండ్రి," అని పెట్టేసింది.

వెంటనే లోపలికి పోయానని రాయాలని ఉంది. పోలేదు. కిందికి దిగి చాయ్ తాగాను. మనసులో కొత్త లెక్కలు వేశాను. నిజంగానే కోట ఉందేమో! వానలో ఆవిడే తప్పు గీసిందేమో, నేను సరిచేశానేమో! రెండు కప్పుల దాకా నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ గీతను లాగినప్పుడు వేలికి తెలిసిన జారుడు వేలికి గుర్తుంది. మూడో కప్పు అడగకుండా పైకెక్కాను.

"బిడ్డా, ఆ ఫిల్మ్ స్కాన్ ఒకసారి తెరువు. ప్లాను మీద పెట్టు."

"ఎందుకంకుల్?"

"పెట్టు."

పెట్టింది. స్కాన్‌లోని పెన్సిలు గీత ఒకచోట, మా నల్ల గీత ఇంకోచోట. పక్కపక్కన రెండు నీడల్లా పడ్డాయి. ఆమె మౌస్ మీద చెయ్యి అలాగే నిలిచిపోయింది.

"ఇది నేను పెట్టిన చోటు కాదు."

"కాదు."

"ఏం చేసిన్రు అంకుల్?"

తేడా పంచానని చెప్పాను. అది మా ఆఫీసు పద్ధతని, స్కేలు దెబ్బలతో సహా వివరించబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వాళ్ళు కొలిచింది కందకం అంకుల్! హద్దురాయి కాదు! కలవాలని రూలేమన్న ఉన్నదా దానికి? మట్టిల ఏది ఎట్లుంటే అట్లే గీస్తరు. కలవకపోతే కలవదు, గంతే!" గొంతు పెరిగింది, మళ్ళీ తగ్గించింది. "పాత కాపీ చూస్త. ఆగుండ్రి."

చూసింది. పాత కాపీ అంటే చివరి సేవ్‌కు ముందు సేవ్ ఒక్కటే; నేను రెండేసి సార్లు సేవ్ చేసిన పుణ్యాన అందులో కూడా నా గుండ్రమే ఉంది.

"మొత్తం మళ్ళ కూసోబెట్టాలె," అంది. "అన్ని ట్రెంచిలు. టైమెంతున్నదో చూసిన్రా?"

"స్కానింగులో జరిగిందని చెబుదామా?" అన్నాను మెల్లగా. "మిషన్ మీద కొంచెం, వాన మీద కొంచెం..."

ఆమె నా మొహంలోకి చూసింది. "తప్పు సుత పంచుతరా అంకుల్?"

ఇన్నేళ్ళలో పైవాళ్ళ దగ్గర తిన్న తిట్లన్నీ ఒకవైపు, ఆ ఒక్కమాట ఒకవైపు. నేనే కాల్ కలపమన్నాను. రింగవుతూనే ఉంది, ఎత్తలేదు. మళ్ళీ చేశాం. ఎత్తలేదు. మెసేజీ ఆమె టైపు చేసింది, మాటలు నేను చెప్పాను: ప్లాను తప్పు, గీతలు నేను జరిపాను, ఇంకా వాళ్ళకు ఫోన్ చేయకండి, మళ్ళీ పంపుతున్నాం. పంపాక చదవలేదన్న గుర్తు అలాగే ఉండిపోయింది.

ఇక పనిలో పడ్డాం. ప్రతి ట్రెంచి మూలకూ ఫిల్మ్ అంచున అంకెలు రాసి ఉన్నాయి. నేను చదవాలి, ఆమె కొట్టాలి. నా కళ్ళజోడు మసకేస్తుంది, తుడుచుకుంటాను. ఆమె "నెక్స్ట్, నెక్స్ట్" అంటుంది. ఒకచోట మూడును ఎనిమిదిగా చదివాను. ట్రెంచి ఎగిరి పక్కవాడి పొలంలో పడింది. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేవాళ్ళం. నేను ఆ అంకె మళ్ళీ చదివాను, వేలు కింద పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లాడిలా. ఆ తర్వాత ప్రతి అంకెనూ రెండుసార్లు చదివాను.

సగంలో ఉండగా కాల్ వచ్చింది. నిపుణురాలు. ఈసారి బయట ఎక్కడో ఉంది, గాలి హోరు.

"మెసేజీ ఇప్పుడే చూశాను. నేను వాళ్ళకు అప్పుడే చెప్పేశాను," అంది. "ఆమె ఏడ్చింది. అతను ఫోన్ పెట్టేసి, పొలంలోకి పోయి ఇంటికి గుర్తుగా పాతిన మేకులు పీకేస్తున్నాడట. మూలకొకటి పాతుకున్నాడు పాపం. నేనిప్పుడు వాళ్ళ గేటు దగ్గరే ఉన్నాను. ఏమని చెప్పను?"

ఇంచార్జి అమ్మాయి నోరు తెరిచింది. నేను ముందుకు వంగాను.

"మేడమ్, ఐ మూవ్డ్ ద లైన్. నోబడీ ఎల్స్. హండ్రెడ్ పర్సెంట్ అని చెప్పాను కదా, అదీ తప్పే." ఇంగ్లీషు ఎటు పోయిందో, చివరికి తెలుగులోనే అనేశాను. ఇంచార్జి అమ్మాయి మిగతాది అందుకుని చెప్పింది.

గాలి హోరులోంచి నిపుణురాలు అడిగింది.

"ఇప్పుడు కోట లేదంటారా?"

లేదని నోటి చివరి దాకా వచ్చింది. ఇల్లు నిలబడుతుందన్న ఆశతో లేదనెయ్యాలని నిజంగా నోరు ఊరింది. కానీ నాలుగో ట్రెంచి ఇంకా కూర్చోలేదు. మధ్యాహ్నం ఉందన్న నోరే సాయంత్రం లేదంటే అది రెండో తప్పు.

"తెలియదు మేడమ్. ఇంకా పెడుతున్నాం," అన్నాను. అంత చిన్న మాట అనడం నాకు అలవాటు లేదు.

"లైన్లోనే ఉంటాను," అందావిడ.

ఆమె అక్కడ గేటు దగ్గర, మేమిక్కడ తెర ముందు. నేను అంకెలు చదువుతున్నాను, ఇంచార్జి కొడుతోంది. నాలుగో ట్రెంచి వచ్చి దాని చోటులో కూర్చుంది. ఇంచార్జి నల్ల పట్టీని దాని మీద దించింది.

కలవలేదు. రెండో ట్రెంచి వంపు ఒకవైపుకు పోతోంది. నాలుగోది వంపులా కనబడుతూనే కాస్త ముందుకెళ్ళి వంపు పోయి, తిన్నగా గేటు వైపు చూస్తోంది. తెరను ఫోనుకు చూపించాం.

నిపుణురాలు చాలాసేపు చూసింది. "గేటు వైపు..." అని వెనక్కి తిరిగింది. కెమెరా ఊగి ఒక పొద కంచె కనిపించింది. "ఇదే కదా! ఈ కంచె ఒకప్పుడు లోపలి దాకా ఉండేది. పాత మ్యాపులో ఉంది. ఆ పట్టీ దాని పక్కన తవ్విన నీళ్ళ కాలువ. కోట కాదు." కెమెరాను మళ్ళీ తన వైపు తిప్పుకుంది. "రెండోది మాత్రం పాతదే. అందులో కాలిన ఎముక దొరికింది. అది ఇంటి వెనక మూలను తాకుతోంది. రోడ్డు వైపుకు జరపాలి ఇంటిని."

"జరిపితే కట్టుకోవచ్చా మేడమ్?" ఇంచార్జి అడిగింది.

"నేనలాగే రాస్తాను. ఒప్పుకోవడం ఆఫీసు వాళ్ళ ఇష్టం."

ఆ తర్వాత ఆమె మాతో మాట్లాడలేదు. ఫోను చేతిలో పట్టుకునే పొలంలోకి నడిచింది. బురదలో బూట్ల చప్పుడు, ఎవరినో కేకేసి పిలవడం, మగగొంతు ఒకటి దూరం నుంచి దగ్గరకు రావడం. అతనేమన్నాడో నాకర్థం కాలేదు. ఆ యాస అసలే కష్టం. లైను తెగింది.

ప్లాను ఆరుకు ముందే పంపాం. ఈసారి చెక్ చేసింది ఇంచార్జే, రెండుసార్లు. రిపోర్టు ఆఫీసులో ఇచ్చేశానని ఆవిడ మెసేజీ పెట్టేదాకా మేమిద్దరం లేవలేదు. మెసేజీ చూసి ఇంచార్జి అమ్మాయి బ్యాగు సర్దుకుంది. నాతో ఒక్కమాటా అనలేదు. అదే పెద్ద తక్లీఫ్. పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో మారేటప్పుడు నేనెక్కాల్సిన రైలు ఒకటి నా ముందు నుంచే వెళ్ళిపోయింది.

అక్కడి దరఖాస్తుల సంగతి ఎవరైనా ఇంటర్నెట్టులో చూసుకోవచ్చు. ఇంచార్జి రోజూ పొద్దున్నే చూసేది, నాకు చెప్పేది కాదు. చూడగానే మొహం పెట్టే తీరును బట్టి ఇంకా రాలేదని నాకు తెలిసేది. కొన్ని వారాలకు ఒకరోజు తెర మీదికి వంగి, "అంకుల్, గిట్ల రాండ్రి," అంది.

పర్మిషన్ ఇచ్చారు. షరతులతో. ఇంటిని రోడ్డు వైపుకు జరపాలి. పాత కందకం దగ్గర నేల ముట్టుకోకూడదు. పునాదికి మట్టి తీసే రోజున నిపుణురాలు పక్కనే ఉండాలి.

"ఇంకోటి సుత ఉన్నది," అంది. "ఇల్లు జరిపిన కొత్త ప్లాను మనమే చేసియ్యాల్నట. మేడమ్ పంపింది."

"నన్ను చెక్ చేయమందా?" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే లేచింది.

"మీ పేరు సుత ఎత్తలే. నేనే అంటున్న. చూడుండ్రి, వేలు పెట్టి చూపియ్యుండ్రి. మౌస్ మాత్రం ముట్టొద్దు."

మర్నాడు మంగలి దుకాణంలో, ఐర్లాండువాళ్ళు నన్నే కావాలని అడిగారని చెప్పాను. అడగలేదు. అక్కణ్ణుంచి ఆఫీసుకు పోయి, కుర్చీ లాక్కుని ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఆమె ఇంటి గీతను పట్టుకుని రోడ్డు వైపుకు నెమ్మదిగా లాగుతుంటే, నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కందకం అంచునే చూస్తూ ఉన్నాను.